రోజూ కాస్త స్పానిష్: తెలుగు నోటికి కొత్త భాష అలవాటు చేసే పద్ధతి

విజయవాడ, గుంటూరుల్లో స్పానిష్ మొదలుపెట్టేవాళ్లకు కొదవ లేదు. ఎమ్మెస్‌కి టెక్సస్ వెళ్లబోయే కుర్రాళ్లు, హైదరాబాద్‌లో లాంగ్వేజ్ ఉద్యోగాల మీద కన్నేసినవాళ్లు, అమెరికాలో మనవరాలు స్కూల్లో స్పానిష్ చదువుతోందని తెలిసి సరదా పుట్టిన అమ్మమ్మలు, అందరూ ఉన్నారు. మూడో వారం దాటి కొనసాగించేవాళ్లే తక్కువ. మనం దాన్ని ఆరంభశూరత్వం అని తేల్చేస్తాం. దగ్గరగా చూస్తే కారణాలు చాలా మామూలువి. రోజులో దానికంటూ ఒక చోటు ఉండదు. చదువుతారు, వింటారు, ఫోన్ మీద వేలితో నొక్కుతారు కానీ నోరు తెరవరు. పైగా ప్రతి మాటనీ ఇంగ్లిష్ మీదుగా చుట్టు తిప్పి తెచ్చుకుంటారు. ఈ మూడో దాని గురించి కాస్త ఎక్కువే చెబుతాను. స్పానిష్‌కి తెలుగు నుంచి నేరుగా వెళితే చాలాచోట్ల దారి దగ్గర.

మొదట రోజులో చోటు చూడండి

"రాత్రి తొమ్మిదికి కూర్చుంటాను" అనుకుంటే నిలవదు. ఆ టైముకి చుట్టాలొస్తారు, మ్యాచ్ చివరి ఓవర్లలో ఉంటుంది, లేదంటే ఒళ్లు అలిసి ఉంటుంది. అందుకని టైముకి కాకుండా, ఎలాగూ రోజూ చేసే ఒక పనికి స్పానిష్‌ని ముడేయండి. పొద్దున్నే మొదటి కాఫీ, స్నానం చేసి వచ్చి దీపం పెట్టడం, పిల్లల్ని స్కూల్ బస్సు ఎక్కించి రావడం, ఇలాంటివి. ఎంచుకునేటప్పుడు ఒక్కటే పరీక్ష: ఆ పని ఆదివారం కూడా జరుగుతుందా? స్కూల్ బస్సు ఆదివారం రాదు, వేసవి సెలవుల్లో అసలే రాదు. కాఫీకి సెలవు లేదు.

"కాఫీ గ్లాసు చేతిలోకి రాగానే నోట్‌బుక్ తెరుస్తాను" అని ఒక కాగితం మీద రాసి వంటింట్లో కళ్లకి ఆనేచోట అంటించండి. నోట్‌బుక్కు, పెన్ను రాత్రే ఆ పక్కన పెట్టేయండి. పొద్దున్న వెతుక్కోవాల్సి వస్తే ఆ రోజుకి అంతే. ఫోన్ వాడేటట్టయితే ఆ కాసేపు డేటా ఆపేయండి. లేకపోతే వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లకి జవాబివ్వడంతోనే కాఫీ చల్లారిపోతుంది.

రెండు కొలతలు పెట్టుకోండి. మామూలు రోజున 15 నిమిషాలు. ఏ రోజైనా తగ్గకూడని హద్దు రెండు నిమిషాలు. జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్లి ఉన్నా రెండు నిమిషాలు దొరుకుతాయి.

మొదటి రెండు వారాలు ఉచ్చారణకే

వ్యాకరణం ఎక్కడికీ పోదు. ముందు నోరు తిప్పుకోండి. తెలుగువాళ్లకి ఇందులో పుట్టుకతో వచ్చిన సౌకర్యాలు చాలా ఉన్నాయి. స్పానిష్‌లో అచ్చులు అయిదే, అవి మన అ, ఎ, ఇ, ఒ, ఉలకి బాగా దగ్గర. వాళ్ల త, ద అచ్చంగా మన త, ద లాగే పళ్లకి నాలుక తగిలించి పలికేవి. ఇంగ్లిష్ అలవాటుతో వాటిని ట, డ చేసేయడం మనవాళ్లు కోరి తెచ్చుకునే కష్టం. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు నెలల తరబడి కుస్తీ పట్టే బలమైన ర మనకి 'గొర్రె', 'కర్ర'లలో రోజూ వచ్చేదే. 'పేరొ' అంటే కానీ, 'పేర్రొ' అంటే కుక్క. 'కారొ' అంటే ఖరీదైనది, లాటిన్ అమెరికాలో చాలాచోట్ల 'కార్రొ' అంటే కారు. మాట మొదట్లో వచ్చే ర కూడా బలంగానే పలకాలి.

కొత్తగా నేర్చుకోవాల్సినవి కొన్నే. స్పెల్లింగులో హెచ్ ఉన్నా నోట్లో ఉండదు, 'ఓల' అనే పలకరింపు దానికి తొలి ఉదాహరణ. జె అక్షరం గొంతులోంచి ఒరుసుకుంటూ వచ్చే హ. రెండు ఎల్‌లు పక్కపక్కన వస్తే చాలా దేశాల్లో య అంటారు, 'మె యామొ' అంటే నా పేరు. వి, బి రెండింటికీ ధ్వని ఒకటే, కాబట్టి ఆవు 'బాక' అవుతుంది.

ఒక్క చోట మాత్రం తెలుగు నోరు మోసం చేస్తుంది. మనం ప్రతి అక్షరాన్నీ సమానంగా పలుకుతాం. స్పానిష్‌లో మాటకి ఒక చోట ఊనిక పడాలి, అది మారితే అర్థం మారుతుంది. మాట అచ్చుతో గానీ ఎన్, ఎస్‌లతో గానీ ముగిస్తే చివరి నుంచి రెండో అచ్చు మీద ఊనిక. మిగతా వాటిలో చివరి అచ్చు మీద. దీనికి భిన్నంగా ఉంటే అక్షరం మీద చిన్న గీత పెట్టి చూపిస్తారు. నోట్‌బుక్‌లో రాసుకునేటప్పుడు దీనికి మన దీర్ఘాన్ని వాడుకోండి: ఊనిక ఉన్నచోట దీర్ఘం, మిగతావన్నీ హ్రస్వాలు. 'ఆబ్లొ' అంటే మాట్లాడతాను, 'అబ్లో' అంటే అతను మాట్లాడాడు. ఇక్కడ నేను రాసిన స్పానిష్ మాటలన్నీ ఈ పద్ధతిలోనివే. అయితే తెలుగు లిపి ఉచ్చారణ గుర్తుకే. పక్కనే అసలు స్పెల్లింగ్ కూడా రాయాలి, లేకపోతే చదవడం రాదు.

ఇంగ్లిష్‌ని పక్కన పెట్టండి

పుస్తకాలూ యాప్‌లూ ఎక్కువగా ఇంగ్లిష్ తెలిసినవాళ్ల కోసం తయారైనవి. అందుకే వాటిలో 'కష్టమైన పాఠాలు' అని బెదిరించేవి కొన్ని మనకి అసలు పాఠాలే కావు.

క్రియ సంగతి చూడండి. తెలుగులో "రేపు వస్తాను" అంటే చాలు, 'నేను' అక్కర్లేదు. ఎవరో క్రియ చివరే చెబుతుంది. స్పానిష్ కూడా అంతే: ఆబ్లొ, ఆబ్లస్, ఆబ్ల, అబ్లామొస్, ఆబ్లన్. మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడతాడు లేదా మాట్లాడుతుంది, మాట్లాడతాం, మాట్లాడతారు. స్పెయిన్‌లో 'మీరంతా' అనడానికి ఇంకో రూపం ఉంది, లాటిన్ అమెరికాలో అది వాడరు కాబట్టి మొదట్లో వదిలేయండి. నువ్వు, మీరు తేడా కూడా ఉంది: 'తూ', 'ఉస్తేద్'. కాకపోతే 'ఉస్తేద్' అన్నప్పుడు క్రియ 'అతను'కి వాడే రూపంలో ఉంటుంది. పెద్దవాళ్లతో ఎప్పుడు ఏది వాడాలన్న ఇంగితం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇంతకంటే ముచ్చటైనది 'నాకు'. "నాకు కాఫీ నచ్చింది" అన్నప్పుడు క్రియ కాఫీని బట్టి ఉంటుంది, "నాకు మామిడిపళ్లు నచ్చాయి" అన్నప్పుడు పళ్లని బట్టి బహువచనం అవుతుంది. స్పానిష్‌లోనూ 'మె గూస్త ఎల్ కఫే', 'మె గూస్తన్ లొస్ మాంగొస్'. వాక్యం కట్టే తీరు ఒక్కటే. "నాకు తల నొప్పిగా ఉంది" కూడా 'నాకు'తోనే మొదలవుతుంది: 'మె ద్వేలె ల కబేస'. దీన్ని ఇంగ్లిష్‌లోంచి తేవాలంటే వాక్యం మొత్తం తలకిందులు చేయాలి.

స్పానిష్‌లో 'ఉండటం'కి రెండు క్రియలున్నాయి, అందరినీ ఏడిపించేది అదే. ఇక్కడా తెలుగు చాలావరకు సాయపడుతుంది. "ఆయన డాక్టర్" అనేచోట మనకి క్రియే లేదు, అలాంటిచోట వాళ్లు 'ఎస్' వాడతారు: 'ఎస్ మేదికొ'. "ఆయన ఇంట్లో ఉన్నారు" అంటే 'ఎస్తా ఎన్ కాస'. ఇక "ఆమె పొడుగ్గా ఉంటుంది" అన్నట్టు ఎప్పటికీ ఉండే గుణం చెబితే మళ్లీ 'ఎస్ ఆల్త'. ఇప్పటి పరిస్థితి అయితే 'ఎస్తోయ్ కన్సాదొ', అలసిపోయి ఉన్నాను, ఆడవాళ్లయితే 'కన్సాద'. అంటే మన 'ఉంటుంది', 'ఉంది' తేడాని చెవి పెట్టి వింటే సగం పాఠం అయిపోయినట్టే. ఇది నూటికి నూరుపాళ్లు పనిచేయదు. "నాకు ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు" అనడానికి 'తేంగొ దోస్ ఎర్మానొస్' అని వేరే క్రియ వస్తుంది. ఊళ్లో ఫలానాది ఉందని చెప్పడానికి 'ఆయ్' ఉంది. బెజవాడ ఎండ గురించి చెప్పాలంటే 'ఓయ్ ఆసె మూచొ కలోర్', ఈరోజు మహా వేడిగా ఉందని, అక్కడ వాడేది 'చేయడం' అనే క్రియ.

తెలుగు బొత్తిగా సాయం రానిది వస్తువుల లింగం. పుస్తకం పుంలింగం, బల్ల స్త్రీలింగం, ఎందుకని అడిగి లాభం లేదు. 'ఎల్ లీబ్రొ', 'ల మేస' అని ముందున్న మాటతో కలిపే బట్టీపట్టండి, విడిగా 'లీబ్రొ' అని ఎప్పుడూ రాసుకోవద్దు. ఒ తో ముగిసేవి ఎక్కువగా పుంలింగం, అ తో ముగిసేవి స్త్రీలింగం. 'ల మానొ' (చెయ్యి), 'ఎల్ ప్రొబ్లేమ' (సమస్య) లాంటివి ఎదురుతిరుగుతాయి. ఎదురైనప్పుడు చూసుకోవచ్చు.

పదిహేను నిమిషాల్లో ఏం చేస్తారు

ఒక రోజు పని మొత్తం ఇక్కడ విప్పి చూపిస్తాను. ఆ రోజు పాఠం 'మె గూస్త' అనుకోండి.

మొదటి మూడు నిమిషాలు నిన్నటి వాక్యాలు పైకి చదవాలి, వంటింట్లోవాళ్లకి వినపడేంత గొంతుతో. చిన్నప్పుడు ఎక్కాలు ఎలా వచ్చాయో ఇవీ అలాగే వస్తాయి, నోట్లో నానితేనే. తర్వాతి అయిదు నిమిషాలు కార్డులు, వాటి సంగతి కింద చెబుతాను. ఆపైన అయిదు నిమిషాలు కొత్త వాక్యం ఒక్కటి తీసుకుని తిప్పడం. 'మె గూస్త ఎల్ కఫే', నాకు కాఫీ ఇష్టం. దాన్నే 'నో మె గూస్త ఎల్ తే' చేయండి, టీ ఇష్టం లేదు. 'తె గూస్త ఎల్ కఫే?' అని నీకు ఇష్టమా అని అడగండి. 'అ మి మాద్రె లె గూస్త ఎల్ కఫే', మా అమ్మకి కాఫీ ఇష్టం. కాఫీ స్థానంలో పులిహోర పెట్టండి, గోంగూర పెట్టండి. మన తిండి పేర్లు స్పానిష్ వాక్యంలో ఇమిడినప్పుడు వాక్యం మనదవుతుంది. గుంటూరువాళ్లు 'నో ఎస్ పికాంతె', కారంగా లేదు, అనేది తొందరగా నేర్చుకుంటే మంచిది, ఎలాగూ ప్రతి పూటా అనాల్సి వస్తుంది. ఆ మాటకొస్తే మిరపకి పుట్టిల్లు మెక్సికో ప్రాంతమే. పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చింది.

మిగిలిన రెండు నిమిషాల్లో తారీఖు వేసి ఈరోజు గురించి ఒక వాక్యం సొంతంగా రాయాలి. 'బోయ్ అ గుంటూర్ ఎన్ ఔతొబూస్', బస్సులో గుంటూరు వెళుతున్నాను. తప్పులు రానీయండి. వారానికోసారి ఆ ఏడు వాక్యాల్నీ టీచర్‌కో, చాట్‌జీపీటీ లాంటిదానికో చూపించి, తప్పెక్కడుందో తెలుగులో వివరించమనండి. రోజూ దిద్దుకుంటూ కూర్చుంటే రాయడానికే భయం పట్టుకుంటుంది.

కార్డులు, అది కూడా తక్కువగా

జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల్ని తనే బట్టీపట్టి, ఎంతసేపట్లో ఎంత మరిచిపోతున్నాడో లెక్కగట్టి 1885లో ప్రచురించాడు. మొదటి కొన్ని గంటల్లోనే చాలావరకు పోతుంది. మధ్యలో వ్యవధి ఇస్తూ మళ్లీ మళ్లీ చూసుకుంటే పోవడం నెమ్మదిస్తుంది. ఆంకీ అనే యాప్ ఈ సూత్రం మీదే నడుస్తుంది. ఆండ్రాయిడ్‌లో, కంప్యూటర్‌లో ఉచితం. ఐఫోన్‌లో డబ్బు కట్టాలి.

తయారుగా దొరికే కార్డుల కట్టలు డౌన్‌లోడ్ చేయకండి, వాటి వెనక ఇంగ్లిష్ ఉంటుంది. సొంతంగా ఒకవైపు తెలుగు వాక్యం, రెండోవైపు స్పానిష్ వాక్యం రాసుకోండి. విడి మాటలు వద్దు. తెలుగు వైపు చూసి, స్పానిష్ పైకి అని, ఆ తర్వాతే తిప్పాలి. కొత్తవి రోజుకి అయిదు చాలు. ఉత్సాహంలో ఇరవై పెడితే నెల తిరిగేసరికి రోజూ పాతవే వందకి పైగా వచ్చి మీద పడతాయి. చాలామంది మానేసేది సరిగ్గా అక్కడే.

ఫోన్ ఇష్టం లేనివాళ్లకి సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత 1970ల్లో ప్రచారం చేసిన డబ్బాల పద్ధతి ఉంది. మూడు ఖాళీ స్వీట్ డబ్బాలు తీసుకోండి. మొదటి దానిలోవి రోజూ, రెండో దానిలోవి మూడు రోజులకోసారి, మూడో దానిలోవి వారానికోసారి. సరిగ్గా చెప్పిన కార్డు ముందు డబ్బాలోకి వెళుతుంది, తప్పితే మొదటిదానికి తిరిగొస్తుంది. అమ్మమ్మలకీ తాతయ్యలకీ నా ఓటు దీనికే.

బస్సులో వినడం

గుంటూరు, విజయవాడ మధ్య రోజూ తిరిగేవాళ్లకి ఇది దొరికిన వరం. గంట ప్రయాణం, చేసే పనేమీ ఉండదు. అయిదారు నిమిషాల ఆడియో ఒక్కటే తీసుకోండి. గుంటూరు బస్టాండ్‌లో ఎక్కింది మొదలు పెదకాకాని దాకా ఊరికే వినండి, అర్థం కాకపోయినా ఆపొద్దు. అక్కణ్ణుంచి కాజ టోల్‌గేట్ దాకా అదే మళ్లీ వింటూ, తెలిసిన మాటలు పట్టుకోండి. మంగళగిరి దాటేలోపు మూడోసారి, ఈసారి ఆ గొంతు వెనకాలే సన్నగా అనుకుంటూ. పక్కవాళ్లు చూస్తారని టెన్షన్ అయితే ఫోన్ చెవి దగ్గర పెట్టుకోండి. మన బస్సుల్లో ఫోన్లో మాట్లాడేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. తాడేపల్లి నుంచి ఆడియో ఆపేసి, విన్నది రెండు మూడు వాక్యాల్లో చెప్పుకోండి. వారధి మీద కిటికీలోంచి కనిపించేవాటికి పేర్లు పెట్టండి: 'ఎల్ రీఒ' నది, 'ఎల్ ప్వేంతె' వంతెన. బండి నడిపేవాళ్లు మాత్రం ఇయర్‌ఫోన్ జోలికి పోవద్దు.

ఏం వినాలంటే, మొదట్లో యూట్యూబ్‌లో 'డ్రీమింగ్ స్పానిష్' ఛానెల్. బొమ్మలు గీస్తూ, సైగలు చేస్తూ నెమ్మదిగా మాట్లాడతారు, ఒక్క ఇంగ్లిష్ ముక్క లేకుండానే అర్థమవుతుంది. బస్సులో సిగ్నల్ పోతుంది కాబట్టి ముందే దింపుకోండి. ఆర్నెల్లు దాటాక ఇంకో మార్గం ఉంది. పెద్ద అంతర్జాతీయ వార్తలు బీబీసీ తెలుగులో ఒకసారి, బీబీసీ వాళ్లదే స్పానిష్ విభాగం 'ముండో'లో ఒకసారి చదవండి. విషయం ముందే తెలుసు కాబట్టి తెలియని మాటలు వాటంతటవే తెలుస్తాయి.

మనిషితో మాట్లాడటం

ఇది వాయిదా వేసేకొద్దీ భయం పెరుగుతుంది. రెండో నెలలోనే మొదలుపెట్టండి. బెజవాడలో స్పానిష్ మాట్లాడే మనిషి కాలవ గట్టున ఎదురుపడడు కాబట్టి ఫోన్ మీదే వెతకాలి. టాండెమ్, హలోటాక్ లాంటి యాప్‌లలో భాషలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లు ఉంటారు. ఐటాకీ, ప్రెప్లీలలో డబ్బు తీసుకుని నేర్పే టీచర్లుంటారు. ఇచ్చిపుచ్చుకునే చోట ఊసుపోక వచ్చేవాళ్లూ ఎక్కువే, కాబట్టి ఫోన్ నంబరు, ఇంటి వివరాలు ఇవ్వకండి. నన్నడిగితే నెలకి రెండు మూడు క్లాసులకి డబ్బు కట్టడమే మేలు. కట్టిన డబ్బు మనల్ని కూర్చోబెడుతుంది.

టైముల విషయంలో మనకి అదృష్టం కలిసొచ్చింది. పొద్దున్న ఆరున్నరకి ఇక్కడ లేచి కూర్చుంటే, కొలంబియాలో ముందురోజు రాత్రి ఎనిమిది, మెక్సికో సిటీలో ఏడు. వాళ్లు పనులు ముగించుకుని తీరిగ్గా ఉండే వేళ. స్పెయిన్‌వాళ్లయితే మన రాత్రి తొమ్మిది వాళ్లకి చలికాలంలో సాయంత్రం నాలుగున్నర, వేసవిలో అయిదున్నర. తెల్లవారుజామున లేచే అలవాటున్న ఇళ్లవాళ్లు లాటిన్ అమెరికా టీచర్‌ని చూసుకోవడం ఉత్తమం.

మొదటి మాటలకి అయిదు వాక్యాలు ముందే సిద్ధం చేసుకోండి: పేరు, ఊరు, చేసే పని, ఇష్టమైన తిండి, ఇక్కడి వాతావరణం. ఆరోది కంఠతా రావాలి, 'మాస్ దెస్పాసియొ, పొర్ ఫవోర్', కాస్త నెమ్మదిగా చెప్పండి. దీని అవసరం అన్నిటికంటే ఎక్కువ పడుతుంది.

తప్పిపోయిన రోజులు

21 రోజులు చేస్తే అలవాటైపోతుందనే మాట బాగా ప్రచారంలో ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, పని దానంతటది జరిగే స్థితి రావడానికి సగటున 66 రోజులు పడుతుందని తేలింది. మనిషిని బట్టీ పనిని బట్టీ అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం కనిపించలేదు. కాబట్టి సంక్రాంతి మూడు రోజుల్లో ఒక రోజు పోతే పోయింది. వరసగా రెండోది పోకుండా చూసుకోండి.

పెళ్లిళ్లు, ప్రయాణాలు, పరీక్షల రోజుల కోసం రెండు నిమిషాల పని ముందే నిర్ణయించుకోండి: పాత వాక్యాలు అయిదు పైకి చదవడం, అంతే. పదిహేను నిమిషాల బాకీలు కలిపి ఆదివారం రెండు గంటలు తీర్చుకుందామనుకోవద్దు, ఆ ఆదివారం రాదు.

డ్యుయోలింగో లాంటి యాప్‌లలో వరస రోజుల లెక్క చూపిస్తారు. మొదటి నెలలో అది బాగా పనికొస్తుంది. ఆ తర్వాత చాలామంది లెక్క తెగకుండా ఉండటం కోసం రాత్రి పదకొండున్నరకి వచ్చిన పాఠమే మళ్లీ చేస్తారు. అంకె పెరుగుతుంది, భాష అక్కడే ఉంటుంది. దాని బదులు నెలకోసారి ఒకటో తారీఖున ఒక నిమిషం పాటు మీ గొంతు రికార్డు చేయండి. మూడు నెలల తర్వాత మొదటిది వింటే తేడా మీకే తెలుస్తుంది.

ఎంత కాలం, ఎంత దూరం

రోజుకి 15 నిమిషాలంటే ఏడాదికి దాదాపు 91 గంటలు. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకి స్పానిష్ పనికొచ్చేంత రావడానికి ఆరేడు వందల తరగతి గంటలు పడతాయని లెక్కేస్తుంది. అంత స్థాయి అందరికీ అక్కర్లేదు కానీ, ఏడాదిలో ధారాళంగా మాట్లాడేస్తామనే ప్రకటనలు నమ్మకుండా ఉండటానికి ఈ అంకె చాలు. ఏడాది చివర మన గురించి చెప్పుకోవడం, దారి అడగడం, తిండి తెప్పించుకోవడం వస్తే బాగా చేసినట్టే.

ఉద్యోగానికి సర్టిఫికెట్ కావాలంటే స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ ఇచ్చే డెలె పరీక్ష ఉంది. ఆ సంస్థకి ఢిల్లీలో కేంద్రం ఉంది, 2009లో మొదలైంది. డెలె సర్టిఫికెట్‌కి కాలపరిమితి లేదు. సియెలె అనే ఇంకో పరీక్ష కంప్యూటర్ మీద రాసేది, దాని ఫలితం అయిదేళ్లు చెల్లుతుంది. పద్ధతిగా డిగ్రీ స్థాయిలో చదవాలనుకునేవాళ్లకి హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) దగ్గర. ఇవన్నీ అలవాటు ఆర్నెల్లు నిలిచాక ఆలోచించండి.

వేగం పెంచాలనిపిస్తే పొద్దున్న పదిహేను నిమిషాల్ని ముప్పై చేయకండి. అది విసుగు తెప్పించి మొదటిదాన్నీ పాడుచేస్తుంది. సాయంత్రం వాకింగ్‌కో, రాత్రి గిన్నెలు సర్దే పనికో రెండో ముడి వేయండి. ఆ రెండో పదిహేను నిమిషాలు వినడానికీ మాట్లాడటానికే వదిలేయండి, వ్యాకరణానికి కాఫీ వేళ సరిపోతుంది.